మెనూ పక్కన పెట్టండి, అద్దం వెనక గిన్నెలు చూడండి

ఇస్తాంబుల్‌లో నేనున్న మూడేళ్ల గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో మసీదుల గురించో బాస్ఫరస్ గురించో అడిగినవాళ్లు తక్కువ. అందరూ అడిగింది తిండి గురించే. తక్సీం లాంటి రద్దీ చోట ఏం తినాలి, ఎక్కడ తినాలి, డబ్బు పోగొట్టుకోకుండా ఎలా తినాలి అని. యూరప్‌కో అమెరికాకో వెళ్తూ దారిలో రెండు రోజులు అక్కడ ఆగే మనవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి ఈసారి మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు: మా అత్తయ్యకి 68 ఏళ్లు, గుడ్డు కూడా ముట్టరు. తక్సీం దగ్గర హోటల్ బుక్ చేశాం. అక్కడి రెస్టారెంట్ల ఫొటోలు ఏవి చూసినా మాంసమే. రెండు రోజులు ఆవిడని బ్రెడ్డు, పళ్ల మీద ఉంచాలా అని టెన్షన్‌గా ఉంది.

ఉంచక్కర్లేదమ్మా. కూరగాయలతో టర్కీవాళ్లు చేసినన్ని రకాలు తక్కువ చోట్ల చూశాను, కాకపోతే అవి ఫొటోల మెనూల్లో కనపడవు. తక్సీం మైదానం నుంచి ట్యునెల్ దాకా దాదాపు కిలోమీటరున్నర సాగుతుంది ఇస్తిక్లాల్ వీధి. 1990 నుంచి అందులో కార్లు లేవు, జనం, ఒక పాత ఎర్ర ట్రాము, అంతే. ఆ వీధిలో గుమ్మం ముందు నిలబడి "హలో ఇండియా, రండి రండి" అని పిలిచే చోట కూర్చోకండి. పక్క సందుల్లోకి తిరగండి. "లోకాంతా" అని బోర్డు కనిపిస్తుంది. అందులోనూ "ఎస్నాఫ్ లోకాంతాసి" అనేవి ఉంటాయి, చుట్టుపక్కల దుకాణాలవాళ్లు, పనివాళ్లు మధ్యాహ్నం వచ్చి భోంచేసే చోట్లు. మన కర్రీ పాయింట్‌లో గిన్నెలు పరిచినట్టే అద్దం వెనక పదిహేను, ఇరవై రకాలు పరిచి ఉంటాయి. భాష రాకపోయినా పర్లేదు, వేలు పెట్టి చూపిస్తే ప్లేటులో వడ్డిస్తారు. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య వెళ్లండి, మూడు దాటితే మంచివన్నీ అయిపోతాయి.

అత్తయ్యగారి కోసం ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: జెయ్తిన్యాలి. ఆలివ్ నూనెతో వండినవి అని అర్థం. ఈ వరసలోవి మామూలుగా మాంసం లేకుండానే చేస్తారు, చల్లగా వడ్డిస్తారు. ఆ చల్లదనం చూసి పొద్దుటి కూర చల్లారిపోయిందని అనుకోవద్దని ఆవిడకి ముందే చెప్పి తీసుకెళ్లండి, ఎందుకంటే మా అమ్మ వచ్చినప్పుడు మొదటి రోజు "వేడి చేసి ఇమ్మను" అని పట్టుబట్టి, వేడి చేశాక రుచి పోయి సగం వదిలేసింది. టమాటాతో మగ్గించిన బీన్స్ ఉంటాయి, బియ్యం, ఎండుద్రాక్ష కలిపి ద్రాక్షాకుల్లో చుట్టిన సర్మా ఉంటుంది, ఇంకా ఇమామ్ బాయిల్ది అనే వంకాయ. ఉల్లిపాయ, టమాటా, వెల్లుల్లి కూరి ఆలివ్ నూనెలో వండుతారు, పేరుకి అర్థం "ఇమామ్ మూర్ఛపోయాడు" అని. గుత్తివంకాయ తిని పెరిగినవాళ్లకి అది పరాయి వంటలా అనిపించదు, మసాలా తక్కువ, నూనె ఎక్కువ అంతే. పక్కనే అచ్చం అలాగే కనపడే ఇంకో వంకాయ ఉంటుంది, కార్నియారిక్ అని, దాంట్లో ఖీమా ఉంటుంది. రెంటినీ చూపు మీద గుర్తుపట్టలేరు, అడిగే తీరాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది కంటికి శాకాహారంలా కనపడేవాటి దగ్గరే. ఎర్ర కందిపప్పు షోర్బా, మెర్జిమెక్ చోర్బాసి, నిమ్మకాయ పిండుకుని తాగుతుంటే ఇంట్లో పప్పు తిన్నట్టే ఉంటుంది, కానీ కొన్ని చోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో కాస్తారు. అన్నాన్ని, పిలావ్ అంటారు, మన పలావే, చాలామంది కోడి నీళ్లతో వండుతారు. తెల్ల చిక్కుడు గింజల కూర, శనగల కూర, బెండకాయ కూర కూడా అంతే, అడుగున రెండు మాంసం ముక్కలు తగలొచ్చు. అందుకని రెండు ముక్కలు నేర్చుకోండి. "ఎత్సిజ్?" అంటే మాంసం లేనిదా అని. "ఎత్ సుయు వార్ మ?" అంటే మాంసం నీళ్లున్నాయా అని. "యోక్" అంటే లేదు. చాలామంది మొదటి ప్రశ్న అడిగి ఆగిపోతారు, వాళ్లు కూడా ముక్కలు లేవు కదా అని నిజాయితీగానే "ఎత్సిజ్" అనేస్తారు. కాబట్టి రెండోది కూడా అడగండి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. మిఠాయి కొట్లో తెల్లగా, పాలకోవాలా మెత్తగా ఉండే "తవుక్ గోసు" అనే స్వీటు ఉంటుంది. అందులో కోడి రొమ్ము మాంసాన్ని దారాల్లా తీసి పాలలో ఉడికిస్తారు. రుచిలో కోడి అని ఏమాత్రం తెలియదు. కజాన్‌దిబి అనే మాడు రంగు స్వీటుని కూడా పాత పద్ధతిలో దాంతోనే చేస్తారు. అత్తయ్యగారికి సుత్లాచ్ ఇప్పించండి, బియ్యం పాయసం, పైన కాస్త కాల్చి ఇస్తారు. కొందరు గుడ్డు పచ్చసొన వేస్తారు కాబట్టి "యుముర్తా" ఉందా అని అడగండి, గుడ్డుని అలాగే అంటారు.

ఒక పూట కాస్త కుదురుగా, తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చోబెట్టాలనుకుంటే ఇస్తిక్లాల్ మధ్యలో మసీదు పక్క సందులో హజీ అబ్దుల్లా లోకాంతాసి ఉంది, 1888 నుంచి ఉందని చెప్పుకుంటారు. సీసాల్లో రంగురంగుల ఊరగాయలు, పళ్ల పానకాలు వరసగా పేర్చి ఉంటాయి, మద్యం ఉండదు. పనివాళ్ల లోకాంతా కంటే ఖర్చు ఎక్కువే, పెద్దవాళ్లతో వెళ్లడానికి బాగుంటుంది.

గుంటూరు నుంచి ఒక పాఠకుడు: ఇస్తిక్లాల్ పక్క సందులో ఒక చేపల రెస్టారెంట్‌కి నలుగురం వెళ్లాం. వెయిటర్ చాలా ఆప్యాయంగా మాట్లాడాడు, ట్రే తెచ్చి చిన్న చిన్న ప్లేట్లు బల్ల మీద పెట్టాడు, చేప కూడా తనే ఎంచాడు. బిల్లు చూస్తే మా హోటల్ గది అద్దెకంటే ఎక్కువ. గొడవ పడలేక కట్టేసి వచ్చాం. అక్కడ అందరూ ఇంతేనా?

మీరు చెప్పింది చదువుతుంటే కోపం వచ్చింది, ఎందుకంటే ఇది మీ ఒక్కరికి జరిగింది కాదు. రద్దీ చోట, మళ్లీ రాడని తెలిసిన మనిషి దగ్గర ఇలా లాగేవాళ్లు ఉన్నారు. అందరూ ఇంతే అంటే మాత్రం ఒప్పుకోను. అదే వీధికి రెండు సందుల అవతల, నేను చిల్లర తక్కువై వెతుక్కుంటుంటే "రేపివ్వు" అని పంపించిన లోకాంతా ఉంది.

జరిగింది ఎలా జరిగిందో చెబుతాను, ఇంకొకరికి పనికొస్తుంది. ఆ ట్రేలో వచ్చినవి మెజె. పెరుగు, వంకాయ, చిక్కుళ్లు, సముద్రపు చేపముక్కలు, ఇలా చిన్న ప్లేట్లు. మెయ్హానేల్లో, అంటే మద్యంతో పాటు ఇలాంటి ప్లేట్లు పెట్టే చోట్ల, ట్రే చూపించడం మామూలు పద్ధతే, కానీ మనం కావాలన్నవే బల్ల మీదకి రావాలి. అడక్కుండా పెట్టిన ప్లేటు ఊరికే ఇచ్చిందని మనం అనుకుంటాం, ఎందుకంటే మనూళ్లో చట్నీలు, అప్పడాలు అలాగే వస్తాయి. అక్కడ రొట్టె మామూలుగా అలా వస్తుంది, కొన్ని చోట్ల చిన్న సలాడ్ కూడా వస్తుంది, మెజెకి మాత్రం ప్లేటుకింతని లెక్క. చేప కిలో లెక్కన. ధర మెనూలో లేకుండా ఉంటే వెయిటర్ చూపించిన చేప ఎంత బరువో, కిలో ఎంతో తెలియకుండా మీరు సరే అన్నట్టే. అందుకని చేపని వంటింట్లోకి పంపకముందే తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. "కిలోసు నె కదర్?" అంటే కిలో ఎంత అని, కిలో అనే మాట మనకీ వాళ్లకీ ఒకటే.

ఇలా అడగడానికి మనకి మొహమాటం. నలుగురిలో ధర అడిగితే చిన్నతనం అనిపిస్తుంది, అవతలివాడు ఆప్యాయంగా నవ్వుతూ ఉంటే మరీను. టర్కీలో రెస్టారెంట్లు ధరల పట్టిక గుమ్మం దగ్గర, బల్ల మీద పెట్టాలన్న నిబంధన ఉంది. పట్టిక చూపించమంటే మొహం మాడ్చుకునే చోట లేచి వచ్చేయండి, మంచినీళ్లు తాగేసినా సరే. బిల్లు వచ్చాక కూడా ఒక్కో వరస చదవండి, మీరు తిననిదో, మెనూలో లేని ఛార్జీయో ఉంటే వేలు పెట్టి అడగండి. సగం చోట్ల మారుమాట లేకుండా తీసేస్తారు. ఇంకా, పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్మి వెళ్లకండి, అక్కడ ధరలు చాలా వేగంగా పెరిగాయి, లీరాల్లో రెండేళ్ల నాటి అంకె ఇప్పుడు దేనికీ పనికిరాదు.

అలాగే తక్సీం దగ్గర ఎవరైనా కుర్రాడు అగ్గిపెట్టె అడిగో, టైమ్ అడిగో మాట కలిపి, "మంచి బార్ ఉంది, నేను కూడా వస్తా" అంటే నవ్వి ముందుకు నడవండి. అది చాలా పాత మోసం. మగవాళ్లు ఒంటరిగా కనిపిస్తే చేస్తారు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: మేం మాంసం తింటాం గానీ పెద్దకూర తినం. కబాబుల్లో ఏముందో ఎలా తెలుస్తుంది?

సూటిగా చెబుతాను. అక్కడ గోమాంసం, దూడమాంసం మామూలు తిండి. పంది మాంసం దాదాపు కనపడదు. "దానా" అంటే దూడ, "సిఇర్" అంటే పశుమాంసం, "కుజు" గొర్రెపిల్ల, "తవుక్" కోడి. కోఫ్తాలని వాళ్లు కోఫ్తె అంటారు, అవి చాలావరకు దానాయో, దానా, కుజు కలిపో చేస్తారు. మన షవర్మాలా నిలువు కడ్డీకి తిప్పుతూ కాల్చే మాంసం దోనెర్ కూడా చాలా చోట్ల దానాయే. అదానా కబాబు అసలు పద్ధతిలో గొర్రె మాంసాన్నీ తోక కొవ్వునీ "జిర్హ్" అనే పెద్ద వంపు కత్తితో చేత్తో నరికి, ఎర్ర మిరప కలిపి వెడల్పాటి ఇనుప చువ్వకి అద్ది కాలుస్తారు. ఇస్తాంబుల్‌లో అన్ని చోట్లా ఆ పద్ధతి పాటించరు, కలుపుతారు. అందుకని కబాబు పేరు చూసి నమ్మకుండా "దానా మ, కుజు మ?" అని అడగండి. ఏ మాత్రం అనుమానం ఉన్నా "తవుక్ షిష్" తీసుకోండి, కోడి ముక్కలు చువ్వకి గుచ్చి కాల్చింది, అందులో కలిపేదేమీ ఉండదు. "మేం దానా తినం" అంటే ఎవరూ ఎందుకని గుచ్చి అడగరు, నేను అడిగిన చోటల్లా ఏది తినొచ్చో వాళ్లే చూపించారు.

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు: కారం ఉండదంటున్నారు. ఆవకాయ పట్టుకెళ్లొచ్చా?

చిన్న సీసా పట్టుకెళ్లండి, హోటల్ గదిలో పొద్దున రొట్టెకి బాగుంటుంది. రెస్టారెంట్‌లో మాత్రం తీయకండి, వండినవాళ్లు బాధపడతారు. బల్ల మీద "పుల్ బిబెర్" అనే కచ్చాపచ్చా ఎర్ర మిరప పొడి ఉంటుంది, ఊరబెట్టిన పచ్చిమిరపకాయలు అడిగితే ఇస్తారు. "అజి" అంటే కారం, "చోక్ అజి" అంటే బాగా కారం. అదానా కబాబు, దాని పక్కన "అజిలి ఎజ్మె" తీసుకోండి. టమాటా, మిరపకాయ, ఉల్లిపాయ సన్నగా తరిగి పులుపు వేసి చేస్తారు, మన రోటి పచ్చడికి చాలా దగ్గర. గోదావరి జిల్లాల కారం స్థాయికి రాదు, నాలుక మాత్రం ఊరుకుంటుంది.

హైదరాబాద్, టోలీచౌకి నుంచి ఒక పాఠకుడు: మా గల్లీలో షవర్మా, కబాబు, హలీం అన్నీ దొరుకుతాయి. అక్కడికెళ్లి కొత్తగా తినేదేముంది?

మాటలు కలుస్తాయి, రుచులు కలవవు. మీకు వినగానే తెలిసే మాటలు అక్కడ బోలెడు. ఖీమాని "కియ్మా" అంటారు, లెక్కని "హెసాప్", టిప్పుని "బహ్షిష్". తక్సీం అన్న పేరే చూడండి, పంచడం అని. ఊరికి వచ్చే నీళ్లని అక్కడి నుంచి పంచేవాళ్లు కాబట్టి ఆ పేరు. మీ షవర్మా అన్న మాట కూడా తిప్పడం అన్న అర్థమున్న టర్కీ మాట "చెవిర్మె" నుంచి అరబ్బుల మీదుగా వచ్చిందే. దోనెర్ అన్నా తిరిగేదనే.

కానీ మంచి దోనెర్‌లో మయోనైజ్ ఉండదు, మసాలా దాదాపు ఉండదు. మాంసం, నిప్పు, కోసే చెయ్యి, ఈ మూడే. మధ్యాహ్నానికి పెద్ద కడ్డీ సగమైపోయే కొట్టు చూసి వెళ్లండి. సాయంత్రం ఏడింటికి కూడా నిండుగా తిరుగుతూ ఉంటే అది రోజంతా అమ్ముడుపోనిదైనా అయ్యుండాలి, కొత్తదైనా అయ్యుండాలి, నేనైతే మధ్యాహ్నమే వెళ్తాను. బుర్సా ఊరి ఇస్కెందెర్ ఒకసారి తినండి. రొట్టె ముక్కల మీద దోనెర్ పరిచి, టమాటా రసం పోసి, పక్కన పెరుగు పెట్టి, చివర్లో మన బల్ల దగ్గరికొచ్చి కాగే వెన్న పోస్తారు. ఆ చప్పుడు వింటూ ఆగి, చల్లారకముందే తినేయాలి. హలీంకి చుట్టం కూడా ఉంది, కెష్కెక్ అని. గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి దంచుతారు, పెళ్లిళ్లలో చేస్తారు, ఆ సంప్రదాయాన్ని 2011లో యునెస్కో జాబితాలో చేర్చారు. తక్సీం చుట్టుపక్కల మాత్రం నాకు పెద్దగా కనపడలేదు.

మీ ఊరికీ ఆ ఊరికీ పాత బంధుత్వమే ఉంది. టర్కీని ఏలిన ఒట్టోమన్ వంశపు చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రెషెవార్, వాళ్ల బంధువుల అమ్మాయి నీలోఫర్, ఇద్దరూ 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఏడో నిజాం కొడుకుల్ని పెళ్లి చేసుకుని హైదరాబాద్ వచ్చారు. నీలోఫర్ ఆసుపత్రి, పాతబస్తీలో దుర్రు షెహవార్ ఆసుపత్రి ఆ ఇద్దరి పేర్లే. ఇస్తాంబుల్‌లో పక్క బల్లవాళ్లకి నేను ఈ సంగతి చెప్పినప్పుడు, దేశం వదిలి వెళ్లిపోయిన తమ అమ్మాయిల పేర్లు ఇంకో ఊళ్లో జనం రోజూ పలుకుతున్నారని విని ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు మా బల్లకి వచ్చిన చాయ్‌లన్నిటికీ ఆయనే డబ్బులిచ్చాడు.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు: నాకు 26 ఏళ్లు, ఒక్కదాన్నే వెళ్తున్నాను. రాత్రి పూట రెస్టారెంట్‌లో ఒంటరిగా కూర్చోవచ్చా?

నేను చాలాసార్లు కూర్చున్నాను. లోకాంతాల్లో కొన్నిట్లో "ఐలే సలోను" అని, చాలావరకు పైఅంతస్తులో, కుటుంబాల కోసం వేరే గది ఉంటుంది. ఆడవాళ్లు ఒక్కరే వచ్చినా అక్కడ కూర్చోవచ్చు, కింద కూర్చున్నా ఎవరూ ఏమనరు. వెయిటర్‌ని "అబి" అని పిలవండి, అన్నయ్య అని, ఆ పిలుపుతో అవతలి మనిషి తీరు మారడం నేను చూశాను. నెవిజాదె సందులోనో, 1876లో కట్టిన చిచెక్ పసాజిలోనో ఉండే మెయ్హానేలు మాత్రం గుంపుగా వెళ్లి రాకి అనే సోంపు మద్యం తాగుతూ గంటలు గడిపే చోట్లు. ప్రమాదమని కాదు, అక్కడ ఒంటరిగా తినడం బాగోదు, ఖర్చు కూడా దండగ. హాస్టల్లో ఎవరైనా జతైతే వెళ్లండి. రాత్రి పదకొండు దాటాక ఖాళీ సందుల్లో తిరగకుండా ఇస్తిక్లాల్ మీదే నడవండి, ఆ టైమ్‌కి కూడా అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు.

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు: పాల టీ దొరుకుతుందా?

మామూలు చోట్ల దొరకదు. చాయ్ అన్న పేరు మనదే, పాలు మాత్రం పోయరు. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో ఎర్రగా వస్తుంది, చక్కెర పక్కన పెడతారు. ఘాటుగా ఉంటే "అచిక్" అనండి, పల్చగా ఇస్తారు. భోజనంలోకి అయ్రాన్ తాగండి, ఉప్పు వేసిన చిక్కటి మజ్జిగ, అది మాత్రం మన ఇంట్లో తాగినట్టే ఉంటుంది.

డాలస్ నుంచి ఒక పాఠకుడు: టిప్పు ఎంత ఇవ్వాలి? ఇక్కడిలా 20 శాతమా?

అక్కర్లేదు. బాగా చూసుకుంటే పది శాతం, లోకాంతాలో అయితే చిల్లర వదిలేసినా చాలు. కార్డు మిషన్‌లో టిప్పు కలపడం చాలా చోట్ల కుదరదు, కాబట్టి లీరాల్లో నోట్లు దగ్గర పెట్టుకోండి. బిల్లు కావాలంటే "హెసాప్ లుత్ఫెన్". వెళ్తూ వెళ్తూ అద్దం వెనక గరిట పట్టుకున్నాయన వైపు తిరిగి "ఎలినిజె సాలిక్" అనండి. మీ చేతులకి ఆరోగ్యం కలగాలని. అక్కడ వండిపెట్టినవాళ్లకి అందరూ చెప్పే మాట అది, ఇంట్లో అమ్మకి కూడా చెబుతారు. టిప్పు ఇచ్చిన సంగతి మర్చిపోతారేమోగానీ, విదేశీయుడి నోట ఆ మాట వింటే మర్నాడు మీరు వెళ్లేసరికి గుర్తుపడతారు.

మీ ఉత్తరం చివర్లో ఆరేళ్ల పాప ఉందని రాశారు, తనకి పిలావ్, పక్కన పెరుగు చెప్పండి. పెరుగన్నం కలిపి పెడుతుంటే వెయిటర్లు ఆగి చూస్తారు, చూడనివ్వండి.